సీల్ తీయని కుట్టు మిషను

మా చిన్నప్పుడు... కువైట్‌లో, అబ్బాసియాలోని మా చిన్న ఫ్లాట్‌లో అందరికంటే ఎక్కువ మర్యాద కుట్టు మిషనుకే దక్కేది. దాని మీద చెయ్యి వేయాలంటే బాపును అడగాల్సిందే.

బాపు షుఐబాలో క్రేన్ నడిపేవాడు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ ఫహాహీల్‌లో ఆ మిషను కొని అమ్మ ముందు పెట్టాడు. పదేళ్ళ గ్యారంటీ! అడుగున వెండి రంగు సీల్ ఉండేది. అది చిరిగితే గ్యారంటీ పోతుందని దుకాణంలో చెప్పారట. అట్టపెట్టె, థర్మకోల్ కూడా పారేయకుండా బీరువా మీద దాచాడు. మన గల్ఫ్ ఇళ్ళలో అంతే కదా... వస్తువు పోయినా పెట్టె ఉంటుంది.

ఆ మరుసటేడు, జగిత్యాలలో మంచం పట్టిన అమ్మమ్మ తన పెళ్ళి పట్టుచీరను తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపింది.

"నా మనవరాలికి లంగ కుట్టు బిడ్డా... తొడిగి ఒక్క ఫోటువ పంపు. కండ్లార సూసుకుంట" అంది ఫోన్లో.

అమ్మ నా నడుము కొలిచింది. సుద్దతో గీతలు గీసి, చీరను కత్తిరించింది. మిషను ముందు కూర్చుంది... మోటారు గుయ్యిమంది. సూది మాత్రం కదల్లేదు.

కింది వీధిలో మిషన్లు బాగుచేసే యాకూబ్ భాయి వచ్చి చూశాడు. ఆయనది నిజామాబాద్.

"లోపల పండ్లచక్రం ఇరిగినట్టున్నది అన్నా. నా తాన ఉన్నది. చాయ్ తాగేంతల ఏసిస్త."

"సీల్ తీయద్దు భాయి! తీస్తే గ్యారంటీ ఖలాస్."

"అయితే వదినెను ఆ గ్యారంటీ తోనే కుట్టుమను!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

శుక్రవారం బాపు, నేను మిషనును పెట్టెలో పెట్టుకుని బస్సులో ఫహాహీల్ వెళ్ళాం. దుకాణం షట్టరు దించి ఉంది. పక్క అత్తరు కొట్టతను బయటకొచ్చి, "కంపెనీ ఖలాస్ భాయ్" అని చేతులు దులిపాడు. పైన బోర్డు మాత్రం అలాగే ఉంది... పదేళ్ళ గ్యారంటీ అన్న ఎర్ర అక్షరాలతో సహా.

బాపు వదల్లేదు. డ్యూటీ మానుకుని, అరబ్బీ వచ్చిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ఫిర్యాదుల ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి పెద్దాయన మంచిగానే మాట్లాడాడట. అమ్మినవాళ్ళు పలకాలి, వాళ్ళు లేకపోతే సరుకు తెప్పించినవాళ్ళు పలకాలి అన్నాడట. తెప్పించిందీ ఆ కంపెనీయే. అయినా ఫిర్యాదు రాసుకున్నారు.

ఇంటికొచ్చిన బాపు ముఖం వెలిగిపోతోంది. "మన హక్కు మనకున్నదట! సూడనీకి వస్తరు కావచ్చు... అప్పటిదాంక మిషన్ అట్లనే ఉండాలె."

అమ్మ ఎదురు చూసింది. దర్జీకి ఇద్దామంటే ఒప్పుకోలేదు. "అవ్వ చీర... నా చెయ్యే పడాలె" అనేది.

ప్రతివారం అమ్మమ్మ అడిగేది, "కుట్టినవా బిడ్డా?"

"కుడ్తున్ననే అవ్వా... అంచు ఒక్కటే ఉన్నది."

కత్తిరించిన ముక్కలు దిండు గలీబులో అలాగే ఉండేవి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. అమ్మమ్మ లేదు. అమ్మ ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, రెన్యువల్‌లో ఉంది... వెళ్ళలేకపోయింది. వంటింటి గడప మీదే కూలబడి ఏడ్చింది.

కొన్నాళ్ళకు బాపు మిషనును బోర్లా తిప్పాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ సీల్‌ను తన గోటితోనే గీకి తీశాడు. నన్ను పంపి యాకూబ్ భాయిని పిలిపించాడు. ఆయన ఈసారి ఎగతాళి చేయలేదు. అమ్మ ఇచ్చిన చాయ్ చల్లారకముందే సూది కదిలింది.

సాయంత్రానికల్లా లంగా తయారైంది. తొడుక్కున్నాను. బాపు ఫోటో తీసి ఫోన్ అమ్మకు అందించాడు.

అమ్మ చాలాసేపు చూసింది. "ఎవలికి పంపాలె?" అంది.



ఇప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కొత్త మాట కనబడితే నోట్లో వేసుకుని చప్పరించే పిచ్చి పట్టింది. మొన్న నిఘంటువులో గ్యారంటీకి మన మాట దొరికింది... పూచీ. ఎంత ముద్దుగా ఉందో! కానీ పూచీ అంటే ఒక మనిషి ముందుకొచ్చి 'నేనున్నాను' అనడం. ఫహాహీల్‌లో ఆ మాట అనడానికి ఎవరూ మిగల్లేదు.

బోర్డు మీది పదేళ్ళు ఇంకా పూర్తి కాలేదు. మిషను బాగానే నడుస్తోంది. ఆ లంగా నాకు ఎప్పుడో పొట్టయిపోయింది.

ఈ కాలంలో అన్నీ కొన్నాళ్ళు వాడి పారేసేవే... బాపులా ఒక మాటను అంత గట్టిగా నమ్మేవాళ్ళు ఎవరున్నారు? మీ ఇంట్లోనూ బీరువా మీద అలాంటి ఖాళీ పెట్టె ఒకటి ఉంటే, దాని కథ కింద రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.