సగం రీలు కోసం ఆగిన ఫోటో

మా చిన్నప్పుడు... వర్ని ఊరి దిక్కున యాసంగి వరి కోసేశాక, ఎండిన మడుల్లో ట్రాక్టర్ తిప్పి బాట చదును చేసి, మోటార్ సైకిళ్ల పందెం పెట్టారు. చుట్టూ తాళ్లు కట్టారు. చివర్లో సున్నంతో గీత గీశారు. బాన్సువాడ నుంచి మేమంతా ట్రాలీ ఎక్కి పోయాం.

నా మెడలో కెమెరా... మా మామ దుబాయి నుంచి తెచ్చింది. అరచేతిలో పట్టేంతే ఉండేది. మీట నొక్కితే గుర్రుమంటూ దాని ముక్కు ముందుకొచ్చేది, దూరంగా ఉన్న మనిషి దగ్గరికొచ్చేవాడు. పొద్దున్నుంచీ ఆ ముక్కును లోపలికీ బయటికీ ఆడిస్తూనే ఉన్నాను.

"ఊకె నొక్కకే, సెల్లు దిగుతది" అని మా అన్న నెత్తి మీద ఒకటిచ్చాడు.

అన్న పేరు శీను. మెకానిక్ షాపులో పని. సేటును బతిమాలి బండి తెచ్చుకుని పందెంలో దిగాడు. హైదరాబాద్ నుంచి ఒక గ్యారేజీ ఆయన వచ్చి ఉన్నాడు... మొదట వచ్చినవాణ్ని తనతో తీసుకుపోయి, బండి ఇచ్చి పెద్ద పోటీలకు దింపుతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నకు తిండి మీద ధ్యాసే లేదు.

"గీత దగ్గర నా ఫోటో తియ్యాలె చెల్లె. నేను దాటినంక నొక్కితే దుమ్మే వస్తది. జరంత ముందుగాల నొక్కు" అన్నాడు.

మూడు చుట్లు. చివరికి ఇద్దరే ముందున్నారు... మా అన్న, పందెం పెట్టిన సంఘం ప్రెసిడెంట్ బామ్మర్ది. నేను ముక్కు మొత్తం బయటికి లాగి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆ తర్వాత అంతా దుమ్మే.

ఆ దుమ్ము తగ్గకముందే బామ్మర్ది మెడలో దండ పడింది.

"నా చక్రమే ముందుగాల దాటింది! మా చెల్లె ఫోటో తీసింది, సూడుండ్రి!" అని అన్న గొంతు చించుకున్నాడు. సంఘం వాళ్లు నవ్వారు. గ్యారేజీ ఆయన మాత్రం నవ్వలేదు. "ఫోటో కడిగించి పట్టుకరా తమ్మీ. మూడు రోజులు బాన్సువాడలనే ఉంట. నువ్వే ముందుంటే నిన్నే తీసుకపోత" అన్నాడు.

మూడు రోజులు... స్టూడియో మా ఇంటి సందు చివరే.

కానీ రీలులో ఇంకా పద్దెనిమిది ఫోటోలు మిగిలాయి. ఆ రోజుల్లో సగం రీలు కడిగించడమంటే పళ్లెంలో అన్నం వదిలి లేవడమే. మా బాపు కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"సగం రీలు ఎవడన్న కడిగిస్తడార? శ్రావణంల అక్క పెండ్లి ఉన్నది. అయినంక కడిగిద్దాం. ఫోటో యాడికి పోతది?"

"ఫోటో యాడికి పోదు బాపు... ఆయన పోతడు" అన్నాడు అన్న.

బాపు వినలేదు.

తాళంచెవి పోపుల డబ్బాలో ఉండేదని నాకు తెలుసు. గోడనో కోడినో చూసి పద్దెనిమిది సార్లు నొక్కితే పది నిమిషాల్లో రీలు అయిపోయేది. బాపు కొడతాడని భయపడ్డాను. మూడు రోజులూ ఆ డబ్బా చుట్టూ తిరిగాను తప్ప మూత తీయలేదు. నాలుగో రోజు గ్యారేజీ ఆయన ఆ ప్రెసిడెంట్ బామ్మర్దిని తీసుకుని వెళ్లిపోయాడు.

శ్రావణంలో అక్క పెళ్లయింది, రీలు నిండింది. తలంబ్రాలు, అప్పగింతలు, బంతి భోజనాలు... వాటి ముందు ఆ ఫోటో. అన్న చక్రం గీత దాటి ఉంది. బామ్మర్ది చక్రం జానెడు వెనక. సున్నపు గీత కూడా స్పష్టంగా కనబడుతోంది.

బాపు దాన్ని చాలాసేపు చూశాడు. "మంచిగనే వచ్చింది" అన్నాడు. అంతే. ఒళ్లు మండిపోయింది నాకు.

అన్న దాన్ని తిప్పి కూడా చూడలేదు. "ఇగ ఎందుకే ఇది, నువ్వే ఉంచుకో" అని నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు అన్నకు సొంత షాపుంది. బండి బాగు చేశాక ఎలా నడుస్తుందో చూడటానికి కూడా తను ఎక్కడు, పనివాళ్లను పంపుతాడు. మొన్న అన్న కూతురు ఒక్క ఛాయ్ కప్పుకు ఫోనులో నలభై ఫోటోలు తీసి, ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తుడిపేసింది. అన్న చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి బయటికొచ్చేశాను.

బాపు పోయి చాలా ఏళ్లయింది, ఆయన మీద కోపం చల్లారింది. మూత తీయని ఆ పిల్ల మీద మాత్రం ఇంకా చల్లారలేదు...

మీ ఇళ్లల్లోనూ రీలు నిండే దాకా ఆగమని చెప్పి, ఎవరినైనా అక్కడే ఆపేశారా? ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలని ఉంది.