మెట్ల మీద పట్టుకున్న చెయ్యి

నా పిల్లల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించేదాన్నే అయితే నన్ను నేను ఇంత తక్కువ చేసుకుని ఎందుకు చెబుతాను?

మాది కంచరపాలెం. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది గానీ, చూసింది మరిచిపోను. మా తమ్ముడు పెళ్లిళ్ల ఫొటోలు తీయడం మానేసి పాత కెమెరా నాకిచ్చాడు. ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకుంటున్నాను. రాత్రిపూట ఊరిని తీయాలంటే కెమెరాని స్టాండు మీద పెట్టి, దాని కన్ను అర నిమిషం తెరిచి ఉంచాలి. అంతసేపూ కదలకుండా ఉన్నదే స్పష్టంగా వస్తుంది. నడిచిపోయే మనిషి అసలు కనబడడు. రైలు వెళితే వెలుగు గీత ఒకటి మిగులుతుంది.

ఆ గీత కోసమే మా ఇంటి వెనక కొండ మెట్లెక్కాను. తోడు మా పెద్ద తోడికోడలు సూరమ్మక్క. ఆవిడకి రేచీకటి. పొద్దుపోతే నా చెయ్యి పట్టుకోకుండా గడప దాటదు. ఆ మెట్లకి పక్కన గోడ లేదు... జారితే పట్టాల దాకా రాళ్లే. అయినా నన్ను ఒంటరిగా పంపనంది.

"ఏటే రవణా, ఊర్లో లైట్లన్నీ మూట కట్టీసి ఇంటికి తెచ్చీత్తావేటి?" అంది ఆయాసపడుతూ.

"నువ్వు కదలకుండా కూకో అక్కా."

"కదలకుండా కూకోడానికి నానేటి, సంతలో బొమ్మనా? దోమలు పీకేత్తన్నాయే!"

కెమెరాకి ముందు మెట్టు మీద కూర్చుంది. నొక్కాను. పోర్టు క్రేన్ల ఎర్ర దీపాలు... దూరంగా సముద్రంలో ఆగిన ఓడలు... రైలు వస్తోంది. ఊపిరి బిగబట్టాను.

అప్పుడు వినిపించింది. గాజుల చప్పుడు. గలగల కాదు... ఒక గాజు ఇంకో గాజుకి తగిలినంత. పనికి అడ్డమని అక్క గాజులు వేసుకోదు. నా చేతులు కదల్లేదు.

రైలు పోయింది. కెమెరా తెర మీద ఫొటో వచ్చింది. దీపాలు... గీత... దోమలు తోలుకుంటూ కదిలి, అలికినట్టు పడిన అక్క. ఆమె పక్కన...

ఇంకో ఆడమనిషి.

కూర్చుని ఉంది. అంచు కూడా చెదరలేదు. అర నిమిషం ఊపిరి కూడా తీయనట్టు... ఆమె చెయ్యి అక్క చేతి మీద ఉంది.

తలెత్తాను. మెట్టు మీద అక్క ఒక్కతే.

"అయిపోనాదేటే?" అంది.

స్టాండు లాక్కున్నాను. కెమెరాని గుండెకి హత్తుకున్నాను. పరుగెత్తాను. కెమెరాని వదల్లేదు... అక్కని వదిలేశాను.

"రవణా... ఓలె రవణా... సెయ్యియ్యే!"

విన్నాను. బాగా విన్నాను. ఆగలేదు.

కింద కుళాయి దగ్గర నిలబడ్డాక బుద్ధొచ్చింది. పైకి వెళ్లాలి. కాళ్లు రాలేదు. రాళ్లు దొర్లే చప్పుడు ఎప్పుడొస్తుందా అని... అలా చెవులు పెట్టుకుని ఉండిపోయాను.

గాజుల చప్పుడు వచ్చింది.

అక్క దిగుతోంది. తడుముకోవడం లేదు. మెల్లగా, ఒక్కొక్క మెట్టూ... కుడి చెయ్యి పక్కకి చాచి. పక్కన ఎవరూ లేరు. ఆఖరి మెట్టు దిగగానే ఆ చెయ్యి కిందికి వాలింది.

"ఏటే, సెయ్యి అంత సల్లబడిపోనాది? దారంతా ఒక్క మాటైనా ఆడ్లేదు. బయపడ్డావు కావాల!"

నేను కాదక్కా అని ఆ క్షణమే చెప్పాల్సింది. "చలేసిందక్కా" అన్నాను.

పొద్దున మా బావగారికి చెప్పింది. వీధిలో అందరికీ చెప్పింది. "సొంత సెల్లెలైనా అలా దింపదు" అని. బావగారు నాకు దండం పెట్టబోయారు. నేను తల పైకెత్తితే ఒట్టు.

ఫొటో ఫోన్‌లోకి ఎక్కించి, నీడలు కొంచెం వెలిగించాను. ముక్కు తేలింది. చెంప తేలింది... ఆపేశాను. భయమేసి కాదు. ఆవిడ కళ్లలోకి ఏ మొహం పెట్టుకుని చూడను?

కొండ మీద ఇంటావిడెవరో చూసి దింపిందేమో. మరి నా కంటికి ఎందుకు కనబడలేదు? ఎంత ఆలోచించినా తెగడం లేదు.

నిన్న అక్కే అడిగింది.

"మల్లీ కొండకి ఎప్పుడెల్దామే? నువ్వున్నావంటే నాకు బయమేటి!"

బియ్యంలో రాళ్లేరుతున్నట్టు తల వంచుకున్నాను.