పిన్నిగారు మెచ్చుకున్న ఆరు మెట్ల పేజీ

ఆ రోజుల్లో నాకు లోకంలో ఏది చూసినా అవసరానికి మించి రాసేసినట్టే కనిపించేది. శుభలేఖ చూస్తే సగం పేర్లు కొట్టెయ్యాలనిపించేది. మా అమ్మ పోపుల డబ్బా చూసి ఇన్ని గిన్నెలెందుకని అడిగి చీవాట్లు తిన్నాను. ఈ జబ్బుకి కారణం, హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనరుగా చేరడం. మా టీమ్ లీడ్‌కి మేం చాటుగా పెట్టుకున్న పేరు ఖాళీ సారు. ఏ పేజీ చూపించినా "ఇంకా ఖాళీ కావాలమ్మా, కంటికి ఊపిరాడాలి" అనేవారు. (కంటికి ఊపిరేమిటని అడిగే ధైర్యం ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి ఉండదు.) ఆరు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే నమస్కారం పెట్టేస్తారు. అప్పటికే రెండు కంపెనీలు నాకలా నమస్కారం పెట్టేశాయి. మూడోసారి పెట్టె సర్దుకుని మా నాన్న ముందుకు వెళ్ళే మొహం నాకు లేదు.

మా కంపెనీ ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచుకునే సాఫ్ట్‌వేరు తయారుచేసేది. దాన్ని వాడేవాళ్ళలో అమలాపురంలో ఒక ఆఫీసుంది. వెల్డర్లని, వంటవాళ్ళని, డ్రైవర్లని గల్ఫ్‌కి పంపడం వాళ్ళ పని. వచ్చిన మనిషి వివరాలన్నీ రాసుకునే పేజీ ఒకటి వాళ్ళ కోసం ఎవరో ఎప్పుడో చేసిపెట్టారు. అందులో అరవై నాలుగు గళ్ళు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పేరు పక్కన రక్తం గ్రూపు, దాని కింద పాస్‌పోర్టు, అన్నిటికీ పైన "ఎవరి తాలూకు" అని ఒక గడి. ఖాళీ సారు ఆ పేజీ చూసి గుండె మీద చెయ్యేసుకున్నారు. "మీది ఆ వైపే కదమ్మా, నువ్వే మార్చు. వాళ్ళు బాగుందంటే నీ ఉద్యోగం ఖాయం" అన్నారు. (కొత్తపేటలో మా అమ్మమ్మగారింట్లో వేసవి సెలవులకి ముంజెలు తినడం తప్ప ఆ వైపు గురించి నాకు తెలిసింది సున్నా. ఆ మాట సారుకి చెప్పలేదు.)

నెల రోజులు తిండీ నిద్రా మాని అరవై నాలుగు గళ్ళనీ ఆరు మెట్లు చేశాను. ఒక్కో మెట్టుకి ఒక్కో తెల్లటి పేజీ, దాని మీద నాలుగైదు గళ్ళు, కింద ఒకే ఒక్క నీలం బటను. మొదటి మెట్టులో పాస్‌పోర్టు నంబరు రాయాలి, ఆరో మెట్టులో ఫోటో పెట్టాలి. ఒక మెట్టు పూర్తికాకుండా తర్వాతి మెట్టు తెరుచుకోదు. "ఎవరి తాలూకు" లాంటి అనాగరికమైన గళ్ళన్నీ పీకి పారేశాను. ఉద్యోగానికి తగిన మనిషి దొరికితే ఇంటర్వ్యూకి రమ్మని ఆ మనిషి ఫోనుకి మెసేజ్ దానంతటదే వెళ్ళిపోతుంది. నా పేజీని నేనే చూసుకుని మురిసిపోయాను. అమలాపురం బస్సెక్కాను.

ఆ ఆఫీసు యజమాని ఇరవై ఏళ్ళు మస్కట్‌లో చేసొచ్చిన మనిషి, అందుకని అందరికీ మస్కట్ బాబుగారు. కానీ ఆఫీసు నడిపేది పిన్నిగారు. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, మస్కట్ బాబుగారితో సహా అందరూ అలాగే పిలిచేవారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అవతలివాడితో మాట్లాడుతూ, ఎదురుగా ఉన్నవాడికి కాఫీ చెబుతూ, కంప్యూటరులో టకటకా కొట్టేవారు. ఆవిడ ముందు నా పేజీ పెట్టి, మొహమాటపడకుండా చెప్పండి అన్నాను. గోదావరి వాళ్ళని మొహమాటపడొద్దనడం చేపని తడవొద్దనడమే. నాకా సంగతి అప్పటికి తెలియదు.

"చాలా బాగుందండి. తెల్లగా, కడిగినట్టుంది" అన్నారు.

"ఎక్కడైనా ఇబ్బందిగా ఉందాండీ?"

"ఆయ్, ఇబ్బందేముంటాదండి. అంతదూరం నించి మా కోసం వచ్చేరు. ముందు కాఫీ తాగండి, చల్లారిపోతాది."

మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి తీసుకెళ్ళారు. పనసపొట్టు కూర మారు వడ్డిస్తుంటే నాకు ఆప్యాయతకి కళ్ళు చెమర్చి, "మీరు బాగుందంటేనే నా ఉద్యోగం నిలుస్తుందండి, ఇప్పటికే రెండు పోయాయి" అని మొత్తం కక్కేశాను. పిన్నిగారు గరిటె ఆపి నా వైపు చూశారు. "అయ్యో, మీ ఉద్యోగానికేం ఢోకా లేదండి. మేం చూసుకుంటాం కదా" అన్నారు. నేను హైదరాబాదు చేరి, ఇబ్బందులు అన్నచోట "ఏమీ లేవు" అని నివేదిక రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

తర్వాత రెండు నెలల పాటు నా పేజీలోకి రోజుకి ఇద్దరు ముగ్గురు చొప్పున మనుషులు చేరుతూనే ఉన్నారు. నేను ఆ అంకె చూసుకుని పొద్దున్నే టిఫిను చేసేదాన్ని. అరవై దాటిన క్రేన్ ఆపరేటర్లు కోనసీమలో ఇంతమంది ఉన్నారా అన్న అనుమానమైనా రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. ఖాళీ సారు పొంగిపోయి, తన కళ్ళతో చూసి, జాగ్రత్త కోసం అప్పటిదాకా ఉంచిన పాత పేజీని మూసేసి వస్తానని నాతో పాటు అమలాపురం బయల్దేరారు. తిరిగి వెళ్ళగానే నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెడతానని జొన్నాడ దగ్గర కారాపి టీ తాగుతూ మాటిచ్చారు.

సారు ముందు పిన్నిగారు ఆరు మెట్లూ ఒక్క నిమిషంలో ఎక్కేశారు. (రెండు రోజులు సాధన చేశారని తర్వాత తెలిసింది.) సారు మొహం వెలిగిపోతున్న సమయానికి, ముక్తేశ్వరంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే పిన్నిగారి భర్త, అంటే బాబాయిగారు, చేతిలో ఫోనుతో లోపలికి వచ్చారు.

"ఏమే, నన్ను మస్కట్ రమ్మంటున్నారేంటే? ఆదివారం ఇంటర్వ్యూ అంట. క్రేన్ తోలాలంట."

పిన్నిగారు ఆయన వైపు ఒక్క చూపు చూసి, సారు వైపు తిరిగారు. "ఆయనకి గల్ఫంటే మోజండి."

ముప్పై ఏళ్ళ సంసారం ఊరికే పోదు. బాబాయిగారు ఆ చూపు అందుకున్నారు. "ఆయ్, మరేనండి. చిన్నప్పట్నించీ."

"ఈ వయసులో ఎంత ఉత్సాహమండీ" అన్నారు సారు. "క్రేన్ మీద అనుభవం ఉందా?"

"పైనించి సరుకు దింపించే పనేనండి మాది, ముప్పై ఏళ్ళుగా" అన్నారు బాబాయిగారు, కొబ్బరిచెట్ల మాట ఎత్తకుండా.

నాకు అప్పుడు అనుమానం వచ్చింది. కంప్యూటరు నా వైపు తిప్పుకుని ఆ జాబితా మొదటిసారి మనుషుల్ని చూస్తున్నట్టు చూశాను. డ్రైవరు, ఆ రోజు భోజనానికి వచ్చిన పిన్నిగారి అన్నయ్య. వంటవాడు, ఆయన పక్కన కూర్చుని తిన్న మస్కట్ బాబుగారి బావగారు. వెల్డరు దగ్గరకొచ్చి ఆగిపోయాను. ఆ ఫోటోలో ఉన్నావిడని నేను భోజనానికి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో గోడ మీద చూశాను. పిన్నిగారి అత్తగారు. ఆరో మెట్టు ఫోటో లేకుండా దాటనివ్వదు కాబట్టి గోడ మీది పటాన్నే దండతో సహా తీసి పెట్టేశారు.

"అయితే ఈ సాయంత్రం పాత పేజీ మూసేస్తాం. మీకేం అభ్యంతరం లేదు కదా?" అని సారు లేచారు.

ఆదివారం ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన అసలు మనుషులు, నిజం వెల్డర్లు, నిజం వంటవాళ్ళు, అందరూ ఆ పాత పేజీలోనే ఉన్నారు. అది మూసేస్తే వాళ్ళ గతి ఏమిటి? మస్కట్ బాబుగారు "ఆయ్, మీ ఇష్టమండి" అన్నారు. పిన్నిగారు "మీరెలాగంటే అలాగేనండి" అన్నారు, కానీ ఆవిడ చూస్తున్నది సారుని కాదు, నన్ను. నోరు తెరవొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. (మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, అచ్చులో వేసేది కాదు.)

"సార్, మూసెయ్యకండి" అన్నాను. "నా పేజీ వీళ్ళెవరూ వాడట్లేదు. నా ఉద్యోగం పోకూడదని ఇంట్లోవాళ్ళనీ చుట్టాలనీ అందులో ఎక్కించారు."

సారు వంగి ఆ దండ ఫోటోని చాలాసేపు చూశారు. "ఈవిడ...?"

"మా అమ్మండి. పోయి పదేళ్ళయిందండి" అన్నారు బాబాయిగారు వినయంగా.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతకం సంగతి మర్చిపొమ్మన్నారు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తున్నాననీ, ఈలోగా ఇక్కడే ఉండి పేజీ మళ్ళీ మొదట్నించి చెయ్యమనీ, ఈసారీ ఇంతే అయితే ఇక కనిపించొద్దనీ చెప్పి కారెక్కారు. (భోంచేశాకే. తినకుండా వెళ్ళనిస్తారా?)

ఆయన వెళ్ళాక నేను ఏడ్చాను. సిగ్గుపడేదేముంది, బాగా ఏడ్చాను. పిన్నిగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పమంటావా?"

"చెప్పండి."

"బాగోలేదు. అస్సలు బాగోలేదు. ముందే పాస్‌పోర్టు నంబరు అడుగుతాదేంటి నీ పేజీ? వచ్చినోడు ఇక్కడుంటాడు, పాస్‌పోర్టు అప్పనపల్లిలో బీరువాలో ఉంటాది. బీరువా తాళం వాళ్ళావిడ దగ్గరుంటాది. అందాకా ఆడిని నిలబెట్టనా? ఫోనెత్తితే అన్నీ ఒక్కచోట కనపడాలి నాకు. నీ మెట్లెక్కి దిగేసరికి అవతలోడు పెట్టేస్తన్నాడు. ఎవరి తాలూకో రాసుకోకపోతే రేపు ఆడికి అక్కడ జొరమొస్తే ఎవరికి చెప్పాలి?"

అలా చీకటి పడేదాకా చెప్పారు. నేను పుస్తకంలో పదకొండు పేజీలు రాసుకున్నాను. చివరికి ఉండబట్టలేక, ఇదంతా మొదటి రోజే ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

"అప్పుడు నువ్వు హైదరాబాదు కంపెనీ అమ్మాయివి. పరాయోళ్ళ పిల్ల కష్టపడి చేసుకొస్తే వంకలు పెడతామా? ఇవాళ మా కోసం నీ పొట్ట మీదకి తెచ్చుకున్నావు. ఇంక మనింటి పిల్లవి. నీ దగ్గర దాపరికమేముంది, ఆ నీలం బటను కూడా బాగోలేదు."

అరవై నాలుగు గళ్ళలో నలభై ఒకటి మిగిలాయి, అన్నీ ఒకే పేజీ మీద, ఏది ఖాళీగా వదిలినా కోప్పడకుండా. నా ఉద్యోగమూ మిగిలింది. అప్పటి నా నివేదిక ఈ మధ్య పాత కాగితాల్లో దొరికింది. ఇబ్బందులు ఏమీ లేవు, కింద రెండు గీతలు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు నా ఎదుటికి వచ్చి, ఆ ఆరు మెట్ల పేజీ తెరిచి, ఎలా ఉందండీ అని మొహంలోకి చూస్తే ఏం చెబుతానా అని ఆలోచించాను. నాకంటే సొంతమనిషి దానికెవరున్నారు, బాగోలేదమ్మా అని చెప్పాలి నిజానికి. కానీ ఆ మొహం చూశాక నాకు నోరు రాదు. కాఫీ ఇచ్చి, చాలా బాగుందమ్మా అంటాను.