మూలగని మోటారు

అబ్దుల్ రజాక్ గూడూరులో మోటార్లు బాగుచేసేవాడు. మనిషిని పిలిపించడం తేలికే, పని మొదలుపెట్టించడమే కష్టం. వచ్చీ రాగానే స్క్రూడ్రైవరు తియ్యడు. మిషను ముందు గొంతుక్కూర్చుని, ఎప్పటినుంచి ఇట్లా ఉంది, అంతకుముందు ఎట్లా ఉండేది అని పెళ్లి సంబంధానికి వచ్చినవాడిలా ఆరా తీస్తాడు. నేనేమో పడవలు కట్టే వడ్రంగిని. చెక్క చేతికొస్తే తప్ప నా పని సాగదు. అలాంటి మనిషి పక్కన నిలబడాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

అరవై మూడులో మా వాకాడు కోతమిల్లుకు ఆయన్ను పిలిపించారు. పడవ చెక్కలు కోయించుకుందామని వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. మిల్లుకు కరెంటు వచ్చి ఏడాదైనా కాలేదు. మోటారు ఒక మూల, గుండ్రటి రంపం ఒక మూల, రెంటినీ కలుపుతూ పొడవాటి తోలు బెల్టు. మొద్దు తగలగానే రంపం నీరసించి ఆగిపోతోంది. పళ్లు సానబట్టించారు, ఫీజు తీగ మార్చారు, కరెంటు తక్కువొస్తోందని లైన్‌మన్‌ను తిట్టారు. ఏదీ లాభం లేకపోయింది. చివరికి మిల్లు యజమాని కామాక్షయ్య నెపం చెంగయ్య మీదకు నెట్టాడు.

చెంగయ్య సముద్రం మీద బతికినవాడు. చూపు మందగించాక పడవ వదిలి మిల్లులో మొద్దులు దొర్లించే పనికి చేరాడు. "వీడి చెయ్యి పడినకాడినుంచే మిషను చెడింది. సాయిబు వల్ల కూడా కాకపోతే రేపట్నించి వీణ్ణి రావద్దంటా" అని కామాక్షయ్య అందరి ముందూ అనేశాడు. ఆ కళ్లు చూసి ఇంకో పని ఎవరిస్తారు?

రజాక్ రంపం తిప్పించి మొద్దు తోయించాడు. రంపం ఆగిపోయేటప్పుడు ఆయన దానివంక చూడలేదు, పైన వేలాడే బల్బును చూశాడు. మళ్లీ తోయమన్నాడు. మళ్లీ బల్బునే చూశాడు.

"బల్బుకేమైంది సాయిబూ, అది బాగానే ఉండాది గదా" అన్నాను విసుగ్గా.

"నేనూ అదే చూస్తుండా మాల్యాద్రన్నా. కరెంటు తగ్గితే బల్బు మసకబారాల. మోటారు మీద బరువు పడితే అది మూలగాల. అక్కడ రంపం ఆగిపోతావుంటే ఇది హాయిగా తిరగతా ఉండాదే. మరి ఆ బరువు యాడికి పోతావుంది?"

ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది. చెక్క సంగతి మరిచి నేనూ పక్కన కూర్చున్నాను.

రజాక్ స్విచ్చి ఆపించి, బెల్టు తిరిగే చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. కాలుతోంది. ఆ వేళ్లు వాసన చూసుకున్నాడు. "మిల్లులో చేపల వాసనేంది?"

మేమందరం నవ్వాం. వాకాడులో చేపల వాసన లేని చోటేది? మా ముక్కులకు అది ఎప్పుడో తెలియకుండా పోయింది. గూడూరు ముక్కు కాబట్టి పట్టింది. బెల్టు లోపలివైపు వేలితో గీస్తే జిడ్డు. మేం పడవలకు పూసే సొరచేప నూనె అది. దాంతో బెల్టు పట్టు తప్పి జారుతోంది. మోటారు బలం రంపం దాకా అందడం లేదు.

"ఎవురు పూసినారు?" అని కామాక్షయ్య గద్దించాడు.

"నేనే అయ్యా" అన్నాడు చెంగయ్య.

"నే చెప్పలా?" అంటూ కామాక్షయ్య మా అందరివంకా చూశాడు. నిజమే, ఆయన అన్నట్టే అయింది. చెంగయ్య పని ఊడినట్టేననుకున్నాను. తప్పెక్కడో దొరికాక ఏ మెకానిక్కయినా సంచి సర్దుకుంటాడు. రజాక్ మాత్రం మళ్లీ గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకు పూసినావు చెంగన్నా?" ఆ గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

"తోలు బీటలిచ్చింది సాయిబూ. కంటికి ఆనలేదు, చేతికి తగిలింది. పడవమీద తాడైనా తోలైనా ఎవురి చేతికి తగిలితే వాళ్లు నూనె పెట్టేస్తారు. ఇంకొకరికి చెప్పేది ఉండదు."

రజాక్ గుడ్డతో జిడ్డు తుడిచి, బెల్టును అతుకు దగ్గర మడిచి చూపించాడు. సగానికి పైగా చీలి ఉంది. జారుతూ వచ్చింది కాబట్టి సరిపోయింది, బరువంతా పడివుంటే ఎప్పుడో తెగేది. తెగిన బెల్టు ఎటు కొడుతుందోనని ఆయన చెయ్యి చాచి వరస పట్టి చూశాడు. ఆ వరసలో ఉన్నది కామాక్షయ్య కుర్చీ.

కామాక్షయ్య లేచి, కుర్చీ తనే లాక్కుని పోయి అవతలి గోడ దగ్గర వేసుకున్నాడు. అక్కడ కూర్చుని, "చెంగయ్యా, రేపు సాయిబుతో గూడూరు పోయి, కొత్త బెల్టు నువ్వే తడిమి చూసి తీసుకురా" అన్నాడు.