అరచేతిలో వడగల్లు

గాలివాన వల్ల జర్మనీలో, జీగెన్ స్టేషన్‌లో రైళ్లు ఆపేశారు. వెయిటింగ్ రూంలో అందరం అలసిపోయి బ్యాగుల మీద కూలబడ్డాం. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, పక్కనున్న హైదరాబాదాయన పలకరించాడు. ఐటీ ఉద్యోగి. చేతిలో చిన్న హ్యామ్ రేడియో. ఇలాంటి రోజుల్లో తన కంటికి కనిపించింది అందులో చెబుతాడట. అది వాతావరణ కేంద్రానికి చేరుతుంది. దాన్ని కూడా చూసుకుని వాళ్లు జనం ఫోన్లకు హెచ్చరికలు పంపుతారు.

ఇంతలో వడగళ్లు మొదలయ్యాయి. ఆయన బయటికెళ్లి ఒకటి ఏరుకొచ్చి, శనగగింజంత ఉందని రేడియోలో జర్మన్‌లో చెప్పాడు. తర్వాత ఫోన్ వైపు చూశాడు. ఆయన్ని తీసుకెళ్లడానికి భార్య కారులో ఇటే వస్తోందట.

"కాస్త పెంచి చెప్పండి. హెచ్చరిక వస్తే ఆవిడ ఎక్కడో ఆగుతారు కదా," అన్నాను.

"మీరు పేపరోళ్లా అన్నా?" అని నీరసంగా నవ్వాడు. "అందరం గిట్లనే పెంచి చెప్తే, రేపు హెచ్చరిక వచ్చినా ఆమె ఆగదు."

విలేకరినేనని తలూపాను.

కాసేపటికి కప్పు మీద చప్పుడు మారింది. ఆయన బ్యాగు నెత్తిన పెట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఈసారి నిమ్మకాయంత గడ్డ తెచ్చాడు, రేడియోలో నిమ్మకాయంత అనే చెప్పాడు.

తర్వాత భార్య ఫోన్ చేసింది. హెచ్చరిక చూసి పెట్రోల్ బంకులో ఆగిందట.

"ఆడ్నే ఉండు," అని కళ్లు మూసుకున్నాడు. పిడికిట్లో మరిచిపోయిన వడగల్లు కరిగి నేల మీదికి కారుతోంది.

ఆ రోజు నుంచి, వార్తలో 'కుండపోత' అని రాసేముందు లేచి కిటికీ తీసి చూస్తున్నాను. చాలాసార్లు ఆ మాట కొట్టేయాల్సి వస్తోంది.