ముడి వేసినప్పటి నుంచి ముడి విప్పేదాకా

చేపలక్క ప్లాస్టిక్ సంచి అడుగు మూలలు రెండూ లోపలికి మడిచి టేపు వేస్తోంది. మూల అలాగే వదిలేస్తే చేప అందులో దూరి ఇరుక్కుపోతుంది. తొట్టెలో ఆరు ఎర్ర చేపలు తిరుగుతున్నాయి. గోరంత పిల్లలప్పటి నుంచి మామగారు పెంచినవి, ఇప్పుడు అరచెయ్యంత అయ్యాయి. ఆయన చేపలు విమానమెక్కి విదేశానికి, ఇంత దూరం వెళ్ళడం ఇదే మొదలు. ప్రాణాలతో చేరితేనే ఇకమీదట తీసుకుంటానని అక్కడి దుకాణదారు ముందే చెప్పాడు.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం తొమ్మిది వేల కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి పదకొండు గంటలు. ఆ లెక్క ప్రయాణికులది. ఇక్కడ సంచికి ముడి వేసినప్పటి నుంచి అక్కడ ముడి విప్పేదాకా చేపలక్క లెక్క. కౌంటరు దగ్గర నిలబడటం, తనిఖీ, దిగాక పెట్టె ఎండలో బండి మీద పడి ఉండటం అన్నీ అందులోవే.

వల పట్టుకుని తొట్టెలోకి వంగింది. అడుగున నానిన మేత గుళిక ఒకటి కనిపించింది.

"మామయ్యా, పొద్దున వీటికేమైనా వేశారా?"

గుమ్మంలో కూర్చున్న ఆయన తన చెప్పుల వంక చూసుకున్నారు. "కొంచెమేనమ్మాయ్. అంత దూరం పోయేవాటిని ఖాళీ కడుపుతో ఎలా పంపిస్తాం?"

ప్రయాణానికి ముందు మేత మానాలని ఆమెకు నేర్పిందే ఆయన. చేపలు తిన్నది సంచిలోనే వదులుతాయి, ఆ నీళ్ళలోనే బతకాలి. ఇతరుల చేపలు కట్టి పంపేటప్పుడు ఆయన ఎన్నడూ తప్పలేదు. సొంతవాటి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగలేదు.

ఆమె వల మేకుకు తగిలించేసింది. సరుకుల ఆఫీసుకు ఫోన్ చేసి మరునాటి విమానం అడిగింది. అది మధ్యలో ఒకచోట దిగి వెళుతుందట, పందొమ్మిది గంటలు. దుకాణదారు సరేనన్నాడు. మామగారే నసిగారు, ఇవాళే పంపేస్తే త్వరగా చేరతాయి కదా అని.

"చెడ్డ నీళ్ళలో పదకొండు గంటలకంటే మంచి నీళ్ళలో పందొమ్మిది నయం మామయ్యా."

సంచుల పని మళ్ళీ మొదటికొచ్చింది. ఎక్కువ నీళ్ళు, ఎక్కువ ఆక్సిజన్ పట్టేలా పెద్దవి తీసి, మూలలన్నీ మళ్ళీ మడిచింది. సాయంత్రం ఆయనే మేత డబ్బా తెచ్చి ఇచ్చారు. "నాకు అందనంత ఎత్తులో పెట్టు."

స్టూలెక్కి అటక మీద పెట్టింది. "మీకు మాత్రం అన్నం పెడతాలెండి."

మరునాడు సాయంత్రం సంచికొక చేపను వదిలి, ఆక్సిజన్ నింపి, సంచి మూతి మెలితిప్పి రబ్బరు బ్యాండ్లతో ముడి బిగించింది. థర్మోకోల్ పెట్టెలో వాటిని సర్దుకుని ఇద్దరూ ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళారు.

తనిఖీ చేసే కుర్రవాడు మూత తీయమన్నాడు. టార్చి వెలుగులో ఆరు సంచుల నీళ్ళూ తేటగా ఉన్నాయి. చేపలక్క మూత మూసి, చుట్టూ టేపు వేసి, పెట్టెను కిటికీలోంచి లోపలికి జరిపింది.

"నెమ్మదిగా బాబూ," అన్నారు మామగారు. "పస్తులున్నాయి."

కుర్రవాడు రెండు చేతులా పెట్టె అందుకున్నాడు.