ఆటోలో ఇత్తడి గుండు

నేను నిజామాబాద్‌లో పాస్టర్‌ని. ఆమధ్య విజయవాడ గుణదలలో ఒక ప్రార్థన కూటానికి పిలిస్తే వెళ్తూ, వన్ టౌన్‌లో షేర్ ఆటో ఎక్కాను. జేబులో ప్రసంగం కాగితాలున్నాయి. ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన మనుషుల భాషల్ని దేవుడు తారుమారు చేసి, ఆ పని ఆపించిన కథ అది. అందులో ఇప్పటి టవర్లను బాగానే దులిపేశాను.

దారిలో సగం కట్టిన టవర్ ఒకటి కనబడింది. పక్కన కూర్చున్న ముసలి సాయిబు గారు, "ఇరవై రెండు అంతస్తులండీ. గోడలు మా పనే," అన్నారు. తాపీ మేస్త్రి అట. ఊరుకోలేక ఆ కథ ఆయనకీ చెప్పాను.

ఆయన నవ్వారు. "మా దగ్గర ఎప్పుడూ తారుమారేనండీ. ఒడిశా వాళ్ళు, బెంగాల్ వాళ్ళు, బీహార్ వాళ్ళు. ఒకరి మాట ఒకరికి తెలీదు. అయినా గోడ లేస్తానే ఉంది."

"మరి పని ఎలా చెప్తారు?"

సంచిలోంచి దారం కట్టిన ఇత్తడి గుండు తీశారు. గోడ నిటారుగా ఉందో లేదో చూసేది. ఆటో కుదుపులకి ఊగి ఊగి, సిగ్నల్ దగ్గర ఆగాక మెల్లగా నిలిచింది.

"ఇది చూపిస్తే అందరికీ అర్థమైపోద్దండీ. మనం ఎంత పైకెక్కినా ఇది కిందకే చూస్తుంది. ఇది కాదన్న గోడని అల్లా దాకా పోనివ్వను. నేనే పడగొట్టించేస్తా."

గుణదలలో దిగాక కాగితాలు మళ్ళీ చదివాను. మాటలు బాగానే ఉన్నాయి. కానీ టవర్లు కట్టేవాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడకుండా రాసిన ప్రసంగమది. ఆ సాయంత్రం దాన్ని నేనే పడగొట్టేసి, ఇత్తడి గుండు దగ్గర మొదలుపెట్టాను.